మాట లేని బోర్డు: ఏడో తరగతితో పది వారాల డైరీ

మొదలుపెట్టే ముందు

ఈ టర్మ్‌లో ఏడో తరగతికి ఒక్కటే పెద్ద పని పెట్టుకున్నాను. 36 మంది పిల్లలు, 10 వారాలు, వారానికి రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు. బడిలో అవసరమైన చోట్ల తగిలించడానికి అక్షరాలు లేని గుర్తుల బోర్డులు వాళ్లే తయారు చెయ్యాలి. చదవడం ఇంకా సరిగా రాని ఒకటో తరగతి పిల్లలకు కూడా చూడగానే తెలిసిపోవాలి.

గత ఏడాది ‘మీకు నచ్చింది గీయండి’ అని వదిలేసినప్పుడు జరిగింది నాకింకా గుర్తుంది. సగం మంది కాగితానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని గీశారు. నేను దగ్గరికి వెళ్తే కాగితం బోర్లించేశారు. ‘నాకు బొమ్మలు రావు టీచర్’ అన్న మాట ఏడాదంతా విన్నాను. మూడు, నాలుగు తరగతుల్లో ఉన్నప్పుడు నోటు పుస్తకాల వెనక పేజీలన్నీ ఎవరూ అడగకుండానే నింపేసింది ఈ పిల్లలే.

కళావిద్య మీద జీవితమంతా పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ఈ మార్పు గురించి 1947లోనే రాశాడు. పన్నెండేళ్లు దగ్గరపడేసరికి పిల్లలు తాము గీసినదాన్ని తామే నిలదీయడం మొదలుపెడతారు. గీస్తుంటే కలిగే సంతోషం వెనక్కి పోయి, గీసింది నిజంలా ఉందా లేదా అన్న లెక్క ముందుకొస్తుంది. కంటికి తెలిసినంత చేతికి ఇంకా రాదు. ఆ తేడా అందరికన్నా ముందు వాళ్లకే కనిపిస్తుంది. పెన్సిలు పక్కన పడేసేది ఆ వయసులోనే.

అందుకని ఈసారి ‘బాగుందా?’ అన్న ప్రశ్నని గదిలోకి రానివ్వకూడదనుకున్నాను. దాని చోట ‘పనిచేస్తోందా?’ అన్న ప్రశ్న ఉండాలి. మొదటిదానికి జవాబు నా దగ్గరో, క్లాసులో బాగా గీసే నలుగురి దగ్గరో ఉంటుంది. రెండోదానికి జవాబు బోర్డు చూసే పిల్లల దగ్గర ఉంటుంది. వెళ్లి అడిగి తెలుసుకోవచ్చు.

సామాను: ఏ4 కాగితాలు, 4బీ పెన్సిళ్లు, నల్ల చార్టులు, గళ్ల కాగితం, ట్రేసింగ్ కాగితం, కత్తెరలు, గమ్, పాత అట్టపెట్టెలు. మొదటి రెండు వారాలు రబ్బరు ఉండదు.

1వ వారం: కాగితం చూడకుండా చెయ్యి గీయడం

ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టుకుని, దాన్నే చూస్తూ, కాగితం వైపు ఒక్కసారి కూడా చూడకుండా, పెన్సిలు ఎత్తకుండా గీయాలి. అయిదు నిమిషాలు. ఎడమచేతి వాటం వాళ్లు కుడి చెయ్యి గీస్తారు. న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పాఠాలు చెప్పిన కైమన్ నికొలైడీస్ వల్ల ప్రపంచమంతా పాకిన అభ్యాసం ఇది. చీమ అంచు వెంబడి ఎలా నడుస్తుందో మీ చూపు అలా నడవాలి, చీమ ఎక్కడుంటే పెన్సిలు అక్కడుండాలి అని చెప్పాను.

మొదటి నిమిషం అంతా నవ్వులే. రెండో నిమిషంలో తొంగిచూడటం మొదలైంది. కాగితం ముక్కకి మధ్యలో చిల్లు పెట్టి పెన్సిలుకి గొడుగులా తొడిగించాను. కింద ఏం గీస్తున్నారో ఇక కనపడదు. మూడో నిమిషం నుంచి గదిలో పెన్సిలు చప్పుడు తప్ప ఏమీ లేదు.

గీసినవాటిలో ఒక్కటీ చెయ్యిలా లేదు. వేళ్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయి, మణికట్టు కాగితం దాటిపోయింది. కానీ కిటికీ పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి కాగితం తీసుకుని చాలాసేపు చూశాను. బొటనవేలి కణుపు దగ్గర చర్మం మడతలు నాలుగు గీసింది. నాలుగూ నాలుగు రకాలు. ఒకటి మధ్యలో తెగిపోయి, కొంచెం కిందినుంచి మళ్లీ మొదలైంది. గోరు మొదట్లో ఉండే తెల్లటి నెలవంక కూడా ఉంది, అది ఒక పక్కకి ఒరిగి ఉంది. ‘నిజంగా ఇలాగే ఉందా?’ అని అడిగితే తన వేలు నా ముఖం ముందు పెట్టింది. అచ్చంగా అలాగే ఉంది.

పిల్లలు చెయ్యి గీయమంటే మామూలుగా చెయ్యిని చూడరు. బుర్రలో ఉన్న చెయ్యి బొమ్మని దించుతారు: అయిదు గీతలు, ఒక గుండ్రం. చూపు కాగితం మీద లేనప్పుడు ఆ పాత బొమ్మని దించడానికి వీలు లేదు. చూడటం ఒక్కటే మిగులుతుంది. పైగా ఎవరిదీ బాగా రాదని ముందే తెలుసు కాబట్టి దాచుకోవడానికీ ఏమీ ఉండదు. అన్నీ గోడకి అంటించాం. ఒక్కరు కూడా వద్దనలేదు.

2వ వారం: కుర్చీ, నేను చేసిన తప్పు

బల్ల మీద కుర్చీ పెట్టి, ‘కుర్చీ గీయకండి, కుర్చీ కాళ్ల మధ్య ఉన్న ఖాళీలు గీయండి’ అన్నాను. అర్థం కావడానికి పది నిమిషాలు పట్టింది. ఒక ఖాళీ ఆకారానికి సరిపడా నల్ల కాగితం కత్తిరించి కుర్చీ వెనక పట్టుకుంటే అప్పుడు ‘ఓ’ అన్నారు. ఖాళీలకి పేర్లు ఉండవు, బుర్రలో వాటి పాత బొమ్మలూ ఉండవు. అందుకే ఉన్నది ఉన్నట్టు గీయగలుగుతారు. ఖాళీలన్నీ నల్లగా నింపేసరికి తెల్లటి కుర్చీ దానంతటదే బయటికొస్తుంది.

చివరి బెంచీలో కూర్చునే అబ్బాయి గీసిన కుర్చీకి వెనక కాలు ముందు కాలికన్నా పొడుగ్గా వచ్చింది. టైమ్ అయిపోతోంది. ‘ఇలా చూడు నాన్నా’ అంటూ అతని పెన్సిలు తీసుకుని, అతని కాగితం మీదే రెండు గీతలు సరిచేశాను. బెల్లు కొట్టాక అందరూ కాగితాలు ఫైలులో పెట్టుకున్నారు. అతని కాగితం బల్ల మీదే ఉండిపోయింది. పిలిచి ఇస్తే, ‘అది మీరు గీసింది కదా టీచర్’ అన్నాడు. కోపం లేదు, అలకా లేదు, ఉన్న మాట చెప్పాడంతే.

ఇంటికొచ్చినా ఆ మాట వదల్లేదు. ఇన్నేళ్లలో ఎన్ని కాగితాల మీద నా గీతలు పెట్టి ఉంటాను! పిల్లల కాగితం మీద నా పెన్సిలు ఆనకూడదన్న నియమం ఈ రోజునుంచే. చూపించాల్సి వస్తే నా జేబులో విడి కాగితాలు ఉంటాయి, వాటిమీద గీసి చూపిస్తాను. లేదంటే వాళ్ల బొమ్మ మీద ట్రేసింగ్ కాగితం పరిచి దానిమీద గీస్తాను. నా కాగితం తీసేస్తే వాళ్ల బొమ్మ వాళ్లది వాళ్లకే ఉంటుంది.

3వ వారం: బడంతా తిరగడం

ఈ వారం పెన్సిలు కన్నా కాళ్లకే పని ఎక్కువ. నలుగురు నలుగురుగా తొమ్మిది జట్లు. ఎవరైనా దారి తప్పే చోటు, తెలియక నిలబడిపోయే చోటు, ఒకరినొకరు గుద్దుకునే చోటు కనిపెట్టి రాసుకురావాలి. ప్రతిదానికీ మూడు సంగతులు: ఎవరికి ఇబ్బంది, ఎక్కడ, ఎంత దూరం నుంచి కనపడాలి.

మొత్తం 31 ఇబ్బందులు పట్టుకొచ్చారు. సగం నాకు తెలియనివి. తాగునీటి కుళాయిలూ చేతులు కడుక్కునే కుళాయిలూ ఒకేలా ఉంటాయని, కొత్తగా చేరిన పిల్లలు దేని దగ్గరికి వెళ్లాలో తెలియక ఆగిపోతారని ఒక జట్టు అరగంట నిలబడి లెక్కపెట్టుకొచ్చింది. మెట్ల మలుపు దగ్గర ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే పక్కకి వస్తారని ఇంకో జట్టు చెప్పింది. పోయిన వస్తువులు పెట్టే పెట్టె ఎక్కడుందో పెద్ద క్లాసుల వాళ్లలో కూడా చాలామందికి తెలియదట.

చర్చించుకుని తొమ్మిదింటికి కుదించాం, జట్టుకి ఒకటి: తాగునీరు, చేతులు కడుక్కోవడం, లైబ్రరీ, ఇక్కడ నిశ్శబ్దం, మెట్ల దగ్గర ఒక పక్కగా, పోయిన వస్తువులు, పరుగెత్తవద్దు, చెత్త వేరు చేయడం, దెబ్బ తగిలితే ఈ గదికి.

ఒక దృశ్యం రాసుకోవాలి. లైబ్రరీ జట్టులో ఒకమ్మాయి ఉన్నట్టుండి గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఏంటమ్మా అంటే, ‘ఒకటో తరగతి వాళ్లంత ఎత్తులో కూర్చున్నాను, ఇక్కణ్నుంచి ఆ బోర్డు కనపడట్లేదు టీచర్, తలుపు గొళ్లెమే కనపడుతోంది’ అంది. అప్పుడు అందరూ కూర్చుని చూశారు. టేపు తెచ్చి చిన్న పిల్లల్ని నిలబెట్టి కొలిచాం. కళ్ల ఎత్తు నేలనుంచి 1 మీటరు 5 సెంటీమీటర్ల దగ్గర వచ్చింది. ఇప్పుడున్న బోర్డులన్నీ 1 మీటరు 80 సెంటీమీటర్ల పైనే ఉన్నాయి.

ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చున్న ఆ నిమిషం నా దృష్టిలో ఈ ప్రాజెక్టు మొత్తానికి అసలు డిజైన్ పాఠం. అది నేను చెప్పింది కాదు.

4వ వారం: ముందు ఎవరు చేశారు

బొమ్మలు తెరమీద వేసి కథలా చెప్పాను. అన్నీ చెప్పకుండా నాలుగే ఎంచుకున్నాను.

1920ల వియన్నా. ఓటో నోయ్‌రాట్ అనే ఆయన 1925లో అక్కడ ఒక మ్యూజియం పెట్టాడు. ఊళ్లో ఎన్ని ఇళ్లు కట్టారు, ఎందరికి పనుంది, ఎందరికి జబ్బుంది అన్న లెక్కలు చదువురానివాళ్లకూ బొమ్మల్లో తెలియాలన్నది ఆయన పట్టుదల. ఆయన దగ్గర చేరిన గెర్ట్ ఆర్న్‌ట్స్ ఆ గుర్తుల్ని మొదట్లో లినోలియం అనే మెత్తటి పలక మీద చెక్కి అచ్చువేసేవాడు. జీవితం మొత్తమ్మీద దాదాపు 4,000 గుర్తులు తయారుచేశాడు. చెక్కే పనిలో సన్నటి వివరాలు నిలవవు, అందుకే ఆ గుర్తులన్నీ ముద్దగా, తేటగా ఉంటాయి. మేం కత్తెర పట్టబోయేది కూడా అందుకే అని చెప్పాను.

తర్వాత 1964 టోక్యో ఒలింపిక్స్. ఎన్నో దేశాలనుంచి వచ్చేవాళ్లకి జపనీస్ రాదు, వచ్చిన ప్రతివాళ్ల భాషలోనూ బోర్డు రాయడం కుదరదు. ఆటలకి ఒక వరస, సదుపాయాలకి ఒక వరస గుర్తులు తయారుచేశారు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి ఓట్ల్ ఐహర్ ఆ ఆలోచనని ఒక పద్ధతిలో బిగించాడు: మనుషుల బొమ్మలన్నీ నిలువు గీతలు, అడ్డ గీతలు, 45 డిగ్రీల వాలు గీతలు ఉన్న ఒకే గళ్ల మీద కూర్చున్నాయి. ఇక 1969లో మొదలైన మెక్సికో సిటీ మెట్రో. అక్కడ ప్రతి స్టేషన్‌కీ పేరుతోపాటు ఒక బొమ్మ ఉంటుంది. చదువురానివాళ్లు కూడా బొమ్మని బట్టి దిగిపోగలరు. అక్కడి మొదటి గుర్తులు లాన్స్ వైమన్ చేసినవి.

పిల్లల్ని బాగా పట్టేసింది మాత్రం వాళ్లు రోజూ చూసేదే, తలుపు వైపు పరుగెత్తే ఆకుపచ్చ మనిషి. 1970ల చివర జపాన్‌లో యుకియో ఓటా రూపొందించిన ఆ గుర్తు తర్వాత అంతర్జాతీయ ప్రమాణాల్లోకి వచ్చింది. ‘ఆయన పరుగెడుతున్నాడని మీకెలా తెలిసింది? ముఖం లేదు, బట్టలు లేవు, కదలట్లేదు కదా’ అని అడిగాను. ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఒంగిన నడుము, వెనక కాలు గుమ్మం బయటే ఉండిపోవడం, ముందు కాలు గుమ్మంలో ఉండటం, చేతులు కాళ్లకి ఎదురు దిక్కులో ఉండటం. ఆడపిల్ల కూడా అయ్యుండొచ్చు కదా టీచర్, ‘ఆయన’ అని ఎందుకన్నారు అని ఒకమ్మాయి అడిగింది. నిజమే. ఆ తర్వాతనుంచి ‘ఆ మనిషి’ అంటున్నాను.

5వ వారం: పదహారు గళ్లు

ఏ4 కాగితాన్ని నాలుగుసార్లు సగానికి సగం మడిస్తే 16 గళ్లు వస్తాయి. ప్రతి గడీలోనూ మీ గుర్తుకి ఒక్కో ఆలోచన, గడీకి రెండు నిమిషాలే. మడుస్తుండగా ఒకబ్బాయి, ‘ప్రతిసారీ అదే ఆకారం వస్తోంది, చిన్నదవుతోందంతే’ అన్నాడు. నిజమే, ఆ కాగితం 210 × 297 మిల్లీమీటర్లు, రెండు వైపుల నిష్పత్తి 1 : √2 (√2 అంటే రెండుకి వర్గమూలం). ఆ నిష్పత్తి ఉంటేనే సగం మడిచినా రూపం మారదు. ఆ సంగతి నేను సగం చెప్పి, మిగతాది లెక్కల మాస్టారిని అడగమన్నాను. ఆయన మర్నాడు ఒక పీరియడ్ అంతా దానికే ఇచ్చారట.

గళ్లు నింపడం అనుకున్నట్టే నడిచింది. మొదటి నాలుగయిదు గడులు చకచకా, అందరివీ ఒకేలా: తాగునీరంటే గ్లాసు, లైబ్రరీ అంటే పుస్తకం. ఆరో గడి దగ్గర ‘అయిపోయాయి టీచర్’ మొదలైంది. ఇక్కడ జాలిపడి వదిలెయ్యకూడదు. ఆలోచన అయిపోయినప్పుడు చెయ్యడానికి నాలుగు దారులు బోర్డు మీద రాశాను: దగ్గరకి వెళ్లి ఒక్క ముక్కే చూపించు, పైనుంచి చూడు, వస్తువు కాకుండా చేసే పని చూపించు, జరగకముందు లేదా జరిగాక ఏముంటుందో చూపించు. తొమ్మిదో గడినుంచి కొత్తవి పుట్టాయి. తాగునీటి జట్టులో గ్లాసు పోయి దోసిలి వచ్చింది. పైన కుళాయి, కింద దోసిలి, మధ్యలో ఒకే ఒక్క చుక్క.

16 గడులూ నిండనివాళ్లు ఏడుగురు. వాళ్లని మర్నాడు పొద్దున బడి మొదలయ్యే ముందు కూర్చోబెట్టాను. పక్కన ఎవరూ లేకపోతే ఆ పిల్లలు అందరికన్నా ఎక్కువ మాట్లాడతారని అప్పుడు తెలిసింది.

6వ వారం: కత్తెర

పెన్సిలు వదిలేసి నల్ల చార్టు కత్తిరించడమే. పెన్సిలు చేతిలో ఉంటే పిల్లలు కనురెప్పలు, చొక్కా గుండీలు దాకా వెళ్తారు. కత్తెర ఆపేస్తుంది. గళ్ల కాగితం మీద గుర్తు గీసుకోవడం, గీతల్ని వీలైనంతవరకు నిలువు, అడ్డం, 45 డిగ్రీల్లోకి తేవడం, తర్వాత కత్తిరించి తెల్ల కాగితం మీద జరిపి జరిపి చూసుకోవడం. నచ్చేదాకా గమ్ ముట్టుకోకూడదు.

రెండు ఇబ్బందులు వచ్చాయి. ఒకటి, ప్రతి జట్టులో ఒకరే కత్తిరిస్తుంటే ముగ్గురు చూస్తున్నారు. పది నిమిషాలకోసారి చప్పట్లు కొట్టి కత్తెర చేతులు మార్పించాను. ఇక ఎడమచేతి వాటం అమ్మాయి కత్తిరిస్తుంటే కాగితం తెగకుండా మడతపడిపోతోంది. చేతకాక అని పక్కవాళ్లు అనుకున్నారు, తనూ అలాగే అనుకుంది. తప్పు కత్తెరది. కుడిచేతి కత్తెరని ఎడమచేత్తో నొక్కితే రెండు అలుగులూ దగ్గరకి రాకుండా విడిపోతాయి, పైగా గీత అలుగు చాటున పడిపోతుంది. ఎడమచేతి కత్తెర ఒకటి తెప్పించి ఇచ్చాను. మొదటి గీత నున్నగా తెగాక కత్తెరని తిప్పి చూసుకుంది, మళ్లీ కత్తిరించింది, మళ్లీ చూసుకుంది. ఏడో తరగతి దాకా ఎవరూ ఆ పిల్లకి ఈ మాట చెప్పలేదంటే మనసు చివుక్కుమంది.

7వ వారం: రంగు

రంగు చివరికి అట్టిపెట్టుకున్నాను, ముందే ఇస్తే ఆకారం గురించి ఎవరూ ఆలోచించరు.

ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు చతురస్రాలు కత్తిరించి, ఒకటి నల్ల చార్టు మీద, ఒకటి తెల్ల చార్టు మీద పెట్టాను. రెండూ ఒకటే రంగంటే క్లాసు ఒప్పుకోలేదు. ఒకబ్బాయి వచ్చి రెంటినీ తీసి పక్కపక్కన పెట్టి చూసి, మళ్లీ వాటి చోట వాటిని పెట్టి చూశాడు. మూడుసార్లు. ఆ తర్వాత షెవ్రల్ కథ చెప్పాను. పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో రంగుల విభాగం చూసేవాడాయన. నల్ల రంగు వెలవెలబోతోందని ఫిర్యాదు వస్తే అద్దకంలో లోపం వెతికాడు. లోపం అద్దకంలో లేదు, పక్కనున్న రంగులో ఉంది. పక్కనున్న రంగు మన కంటికి ఈ రంగుని మార్చేస్తుందని ఆయన వివరంగా రాసింది 1839లో.

బోర్డులకి నియమం ఒక్కటే పెట్టుకున్నాం: ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీస్తే గుర్తు మాయం కాకూడదు. చెత్త జట్టు ఎరుపు మీద ఆకుపచ్చ వేసింది, ఫోటోలో మొత్తం ఒకే బూడిద ముద్ద. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా కనపడనివాళ్లు ప్రతి బడిలోనూ ఉండొచ్చు. దానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి అది మగపిల్లల్లో ఎక్కువ. నీకుందా అని క్లాసులో ఎవర్నీ అడగలేదు. రంగు ఒక్కటే చూసి తెలుసుకోవాల్సిన బోర్డు ఏదీ ఉండకూడదన్నాను. అంతర్జాతీయ గుర్తుల్లో కూడా అంతే, వద్దన్నదానికి ఎర్ర వలయంతోపాటు వాలు గీత ఉంటుంది, హెచ్చరికకి పసుపుతోపాటు త్రిభుజం ఉంటుంది.

8వ వారం: పరీక్ష

ఒకటో తరగతి పిల్లలు పదిమందిని ఒక్కొక్కరిగా పిలిచాం. బోర్డు అయిదు అడుగుల అవతల. మా పిల్లలకి రెండు షరతులు: వివరించకూడదు, ‘బాగుందా’ అని అడగకూడదు. ‘ఇది కనపడితే నువ్వేం చేస్తావు?’ అన్నదొక్కటే ప్రశ్న. జవాబు ఎలా చెబితే అలాగే రాసుకోవాలి.

తాగునీరు పదికి తొమ్మిది. పరుగెత్తవద్దు ఎనిమిది. లైబ్రరీ మూడు. తెరిచిన పుస్తకాన్ని ముందునుంచి చూసినట్టు కత్తిరించారు, అయిదుగురు ‘పిట్ట’ అన్నారు. చూస్తే పిట్టే, రెక్కలు చాచిన పిట్ట. అన్ని వారాలుగా పుస్తకమనే చూస్తున్న మాకెవరికీ కనపడలేదు. నిశ్శబ్దం బోర్డుకి రెండు. పెదవుల మీద వేలు గీశారు, పిల్లలు ‘ముక్కు తుడుచుకోవాలి’ అన్నారు.

అన్నిటికన్నా వింతగా జరిగింది పోయిన వస్తువుల జట్టుకి. ఒంటి బూటు ఒకటి, పక్కన ప్రశ్న గుర్తు. నాకు చాలా నచ్చిన ఆలోచన. మొదటి పాప దాన్ని చూసి, మాట్లాడకుండా వంగి బూట్లు విప్పేసింది. రెండో బాబూ అంతే. ప్రశ్న గుర్తు వాళ్లకి అసలు కనపడనే లేదు, అది కూడా అక్షరం లాంటిదే కదా. ఆ జట్టులో ఉన్నది కుర్చీ గీసిన ఆ చివరి బెంచీ అబ్బాయి. గోడకి ఆనుకుని నిలబడి పదిమంది జవాబులూ రాసుకున్నాడు, చివరి నలుగురివి రాసేటప్పుడు చేతిరాత చిన్నదైపోయింది.

పీరియడ్ అయ్యాక క్లాసు డీలాపడింది. ‘చిన్న పిల్లలకి అర్థం కాలేదు’ అని ఒకరన్నారు. ‘వాళ్లకి అర్థం కాకపోవడం కాదు, మనం చెప్పలేకపోయాం’ అని మోకాళ్ల మీద కూర్చున్న అమ్మాయి అంది. గుర్తులు జనానికి అర్థమవుతున్నాయో లేదో పరీక్షించడానికి ఐఎస్ఓ 9186 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, పెద్ద పెద్ద డిజైనర్ల గుర్తులు కూడా ఇలాంటి పరీక్షలకి నిలబడాలి అని చెప్పాను. కొంచెం తేరుకున్నారు. కానీ ఆ సాయంత్రం పిల్లల ముఖాలు చూసి నాకూ టెన్షన్ పట్టుకుంది. రెండు వారాల్లో మళ్లీ లేస్తారా?

9వ వారం: మళ్లీ

లేచారు. జట్లు ఒకరి బోర్డు గురించి ఒకరు మాట్లాడుకోవడానికి మూడు వాక్యాలు ఇచ్చాను: ‘నాకు ఇది కనపడుతోంది’, ‘ఇక్కడ నాకు తెలియట్లేదు’, ‘ఇలా చేసి చూస్తారా’. బాగుంది, బాగాలేదు అన్న మాటలు ఈ గంటసేపు వాడొద్దన్నాను. పన్నెండేళ్ల పిల్లలు ఒకరినొకరు నొప్పించకుండా ఇంత సూటిగా మాట్లాడుకోగలరని నేను అనుకోలేదు.

లైబ్రరీ జట్టు పుస్తకాన్ని ఒక మనిషి చేతుల్లో పెట్టింది, పిట్ట ఎగిరిపోయింది. నిశ్శబ్దం జట్టు నాలుగు రకాలు చేసింది, ఏదీ కుదర్లేదు. చప్పుడు లేకపోవడాన్ని బొమ్మలో చూపించడం నిజంగా కష్టం.

బూటు జట్టు దగ్గర నేను కావాలనే నిలబడలేదు. చాలాసేపటికి చూస్తే ఆ చివరి బెంచీ అబ్బాయి పక్కవాళ్ల ఫైళ్లలోంచి రెండో వారం పాఠం కాగితాలు తీసి చూస్తున్నాడు, నల్లగా నింపిన ఖాళీలవి. తన ఫైల్లో అది లేదు. తర్వాత నల్ల బూటు పక్కన అలాంటిదే ఇంకో బూటుని పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, బూటు తీసేశాడు. ఖాళీ అంచు మిగిలింది. దాన్ని చుక్కల గీతగా మార్చాడు. నిండు బూటు ఒకటి, దాని జత ఉండాల్సిన చోట ఖాళీ. ప్రశ్న గుర్తు చించేశాడు.

మళ్లీ పరీక్షకి ఈసారి వేరే పదిమంది. ఏడుగురు ‘ఒకటి పోయింది’ అన్నారు. ఒక బాబు ‘ఇంకోటి ఇక్కడుందా?’ అని బోర్డు వెనక వెతికాడు. బూట్లు ఎవరూ విప్పలేదు.

10వ వారం: తగిలించడం, మార్కులు

అట్ట మీద చివరి కాపీలు. బోర్డు మధ్యభాగం నేలనుంచి 1 మీటరు 5 సెంటీమీటర్ల ఎత్తులో. పెద్దవాళ్లు కొంచెం తల వంచి చూస్తారు, ఫర్వాలేదు.

మార్కులు ఇలా వేశాను: చూసి గీసిన కాగితాలకి, 16 గళ్లకి, పరీక్షలో రాసుకున్న జవాబులకి, ఆ జవాబుల వల్ల ఏం మార్చారో చెప్పినదానికి. తుది బోర్డుకి మొత్తంలో అయిదో వంతు మాత్రమే. నిశ్శబ్దం జట్టుకి బోర్డు లేకపోయినా మంచి మార్కులు వచ్చాయి, వాళ్ల పరీక్ష కాగితాలు అందరికన్నా దట్టంగా ఉన్నాయి. ‘బోర్డే లేకుండా మార్కులేంటి’ అని ఒక జట్టు అడిగింది. వాళ్ల కాగితాలు వరసగా బల్ల మీద పరిచి చూపించాను. ఇంకేం అడగలేదు.

ఫైళ్లు దిద్దుతుంటే చివరి బెంచీ అబ్బాయి ఫైల్లో కొత్త కుర్చీ ఒకటి కనపడింది. నేను గీయమనలేదు. వెనక కాలు ఇంకా కొంచెం పొడుగ్గానే ఉంది. దాని పక్కన నేనేమీ రాయలేదు, తేదీ మాత్రం వేశాను.

తొమ్మిదిలో ఎనిమిది బోర్డులు గోడెక్కాయి. లైబ్రరీ లోపల నిశ్శబ్దం బోర్డు పెట్టాల్సిన చోట పెన్సిలుతో నాలుగు మూలలు గుర్తుపెట్టి వదిలేశాం. ప్రాజెక్టు అయిపోయినా ఆ జట్టులో ఇద్దరు ఈ రోజు మధ్యాహ్నం కొత్త ఆలోచనతో వచ్చారు: నిద్రపోతున్న పాప, పక్కన మునివేళ్ల మీద నడుస్తున్న మనిషి. సోమవారం ఒకటో తరగతి వాళ్లకి చూపించడానికి వాళ్ల టీచర్‌ని అడిగి పదిహేను నిమిషాలు తీసుకున్నాను.